చేదుకు జోడీ: 12 సీసాల ప్రాజెక్టు డైరీ

మొదటి సాయంత్రం బీరు, తిండి జోడీలకు వేసిన మార్కుల్లో ఒక్కటి తప్ప మిగతావన్నీ కొట్టేశాం. మళ్ళీ ఎవరైనా ఈ పని చేయబోతే ఆ కొట్టేసిన మార్కుల దగ్గర ఆగి చదవండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

పని ఇది. హాప్స్ (బీరుకు చేదూ వాసనా ఇచ్చే తీగ పూలు) బాగా వేసిన క్రాఫ్ట్ బీరుకు, అంటే చిన్న కంపెనీలు కాచే బీరుకు, విజయనగరంలో దొరికే తిండిలో ఏది నప్పుతుందో కొలిచి చూడడం. చేసింది ఇద్దరం, నేనూ మా అక్క భర్తా. బావగారు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతారు. గ్లాసులకు నంబర్లు వేసి, ఏది ఏదో నాకు చెప్పకుండా దాచే బాధ్యత ఆయనది. వంటింట్లోకి సీసా రావడానికి వీల్లేదని అమ్మ ముందే తేల్చి చెప్పింది కాబట్టి తాగడం, రాయడం అంతా డాబా మీదే. మే నెల డాబా. కింద రాసిన ఉష్ణోగ్రతలు చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

బీరు: 330 మి.లీ. సీసా, ఆల్కహాలు 6 శాతం, చేదు 50 ఐబీయూ అని లేబుల్ మీద ఉంది. ఒక ఐబీయూ అంటే లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము ఐసో ఆల్ఫా ఆమ్లాలు. ఆ లెక్కన మా సీసాలో చేదు పదార్థం 16.5 మిల్లీగ్రాములు. హాప్స్ పూలను బాగా మరిగిస్తే ఈ చేదు దిగుతుంది. అదే మరుగులో వాసన నూనెలు ఎగిరిపోతాయి. అందుకని వాసన కోసం మరుగు చివర్లోనో, చల్లారిన బీరులోనో మళ్ళీ పూలు వేస్తారు. అలా చల్లని బీరులో నానిన పూల వల్ల కొంత వగరు కూడా దిగుతుంది. చేదునూ వగరునూ విడివిడిగా రాసుకోకపోతే తర్వాత లెక్కలన్నీ కలగాపులగం అవుతాయి.

దశ 1: తెచ్చుకోవడం, పాడుచేసుకోవడం

విశాఖలో బిల్లు ఇచ్చే దుకాణంలో నాలుగు సీసాలు కొన్నాను. రెండు గోధుమరంగు సీసాలు. అవి అక్కడ రెండే ఉండడంతో ఇంకో కంపెనీవి ఆకుపచ్చవి రెండు తీసుకున్నాను. ఆనందపురం మీదుగా స్కూటరు మీద రెండు గంటలు, మధ్యలో ఒక టీ. డిక్కీలో హెల్మెట్ ఉంది కాబట్టి సంచి ముందు కొక్కేనికి తగిలించాను. టీ తాగినంతసేపూ బండి ఎండలో ఉంది.

ఇంటికొచ్చి, చల్లార్చి, మూత తీస్తే ఆకుపచ్చ సీసాలు రెండూ ఒకటే కంపు. స్కంక్ అనే జంతువు వాసన అని ఇంగ్లీషు పుస్తకాల్లో రాస్తారు. ఆ జంతువు మన దగ్గర లేదు. మా కాగితంలో "కాలిన రబ్బరు, కుళ్ళిన వెల్లుల్లి" అని ఉంది. రెండూ పారబోశాను. వేడికి పాడైపోయాయని డైరీలో రాసుకున్నాను కూడా. ఆ రాత తప్పు.

"వేడి అని ఎలా తెలిసింది? ఎండలో వేడీ ఉంటుంది, వెలుతురూ ఉంటుంది. రెంటినీ విడదీసి చూడు" అన్నారు బావగారు. విడదీశాం.

1. ఒక గోధుమరంగు సీసాను రెండు గాజు గ్లాసుల్లోకి సగం సగం పోశాం.
2. ఒక గ్లాసుకు చుట్టూ అల్యూమినియం కాగితం చుట్టాం. రెంటిమీదా సాసర్లు మూశాం.
3. ఉదయం పది గంటల ఎండలో పది నిమిషాలు పక్కపక్కనే పెట్టాం.
4. తీసేసరికి ఒకటి 24 డిగ్రీలు, ఇంకొకటి 23. అంటే వేడి దాదాపు సమానం.

కాగితం చుట్టిన గ్లాసులో బీరు వెచ్చబడింది, అంతే. విడిగా ఉన్న గ్లాసులో అదే రబ్బరు కంపు, పది నిమిషాలకే. వెలుతురు తగిలినప్పుడు బీరులో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) సాయంతో ఐసో ఆల్ఫా ఆమ్లాలు విరిగి, గంధకం ఉన్న పదార్థం ఒకటి పుడుతుంది. లీటరులో నానోగ్రాముల మోతాదున్నా దాన్ని ముక్కు పట్టేస్తుంది. గోధుమరంగు గాజు ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది ఆపలేదు.

హాప్స్ బాగా వేసే ఇండియా పేల్ ఏల్ అనే బీరు రకం చరిత్ర ఇక్కడే గుర్తొచ్చింది. 18వ శతాబ్దం చివర్లో లండన్ తూర్పున బో అనే చోట జార్జ్ హాడ్జ్‌సన్ కాచిన పేల్ ఏల్, ఈస్టిండియా కంపెనీ ఓడల్లో నెలల తరబడి ప్రయాణించి మన రేవులకు వచ్చేది. చెక్క పీపాలు, ఓడ అడుగున చీకటి. నా రెండు గంటల ప్రయాణంలో లోపించింది ఆ చీకటే.

మిగిలిన గోధుమరంగు సీసాతో మార్కులు వేయడం సాధన చేశాం.

ఇప్పటిదాకా: సీసాలు 4, ఖర్చు ₹760. ప్రోబ్ ఉన్న వంటింటి థర్మామీటరు ₹350. మొత్తం ₹1,110.

దశ 2: గ్లాసు, థర్మామీటరు

ఈసారి ఎనిమిది సీసాలు, అన్నీ గోధుమరంగువే, ఒకే కంపెనీవి, ఒకే తేదీవి. మూత ఉన్న థర్మకోల్ పెట్టె, అందులో ఐసు. ₹1,520, పెట్టెకు ₹120. బస్సులో వచ్చాను, పెట్టె కాళ్ళ దగ్గర.

ముందు థర్మామీటరును నమ్మవచ్చో లేదో చూడాలి. గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, కొంచెం నీళ్ళు పోసి, కలిపి, రెండు నిమిషాలు ఆగి ముంచితే 0 చూపించాలి. మాది 1.2 చూపించింది. ఈ డైరీలో ఉన్న అంకెలన్నీ 1.2 తీసేసి రాసినవి.

ఆ తర్వాత రెండు రోజులు నన్ను తికమక పెట్టిన విషయం ఒకటి ఉంది. సీసాలో 4.5 డిగ్రీలున్న బీరు గ్లాసులో పోసిన నిమిషానికే 10 చూపిస్తోంది. మొదట థర్మామీటరునే అనుమానించాను. దొంగ థర్మామీటరు కాదు, గ్లాసు. మాది అడుగు మందంగా ఉన్న పాత గ్లాసు, తూస్తే 210 గ్రాములు. 33 డిగ్రీల డాబా మీద అది కూడా 33లోనే ఉంది. 165 మి.లీ. బీరును వేడెక్కించడానికి ఆ గాజు ఒక్కటి చాలు. 95 గ్రాముల పలుచని గ్లాసులో అదే బీరు 7 దగ్గర ఆగింది. దాంతో పలుచని గ్లాసులు ఆరు కొన్నాను, ఒక్కొక్కటి ₹45.

ఇంత పట్టింపు ఎందుకంటే, 4 డిగ్రీల దగ్గర హాప్స్ వాసన నిద్రపోతుంది. చేదు మాత్రం మేలుకొని ఉంటుంది. 8 నుంచి 12 మధ్య వాసన విచ్చుకుంటుంది. 15 దాటాక ఆల్కహాలు ముందుకొస్తుంది, గ్యాసు పోతుంది. ముందే చల్లబరచిన పలుచని గ్లాసులో 55 మి.లీ. పోస్తే, 8 నుంచి 12 దాకా వెళ్ళడానికి మా డాబా మీద పట్టిన సమయం నాలుగు నిమిషాలు. తిండి పళ్ళెంలో సిద్ధంగా ఉన్నాకే సీసా మూత తీయాలన్న నియమం అలా వచ్చింది. వంటను బీరు కోసం ఆపవచ్చు, బీరును వంట కోసం ఆపలేం.

నురగ నిలవకపోవడం ఇంకో బెడద. కారణం గిన్నెలు తోమే సబ్బు, నూనె జిడ్డు. పరీక్ష సులువు:

1. గ్లాసు లోపలంతా తడపండి.
2. చిటికెడు మెత్తటి ఉప్పు చల్లండి.
3. ఉప్పు సమంగా అంటుకుంటే గ్లాసు శుభ్రం. జారిపోయిన చోట జిడ్డు ఉంది.
4. తినే సోడాతో రుద్ది, మంచినీళ్ళతో మూడుసార్లు తొలచండి. ఉప్పు ఏమాత్రం మిగలకూడదు.

నాలుగో అంశం రాసినప్పుడు ఉప్పు మళ్ళీ వేరే దారిన వచ్చి నన్ను ముంచుతుందని తెలియదు.

ఇప్పటిదాకా: సీసాలు 12, వాడినవి 6 (వేడి కొలతలకు రెండు పోయాయి). మొత్తం ₹3,020.

దశ 3: ముక్కుకు పాఠం

లేబుల్ మీద "గ్రేప్‌ఫ్రూట్, పైన్" అని ఉంది. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో ఈ రెండూ లేవు. లేని వాటిని బీరులో వెతకడం దండగ. గ్రేప్‌ఫ్రూట్ అంటే పంపరపనసకూ తీపి నారింజకూ పుట్టిన సంకరం, కాబట్టి పంపరపనస తొక్క తెచ్చాం. పైన్ బదులు గుగ్గిలం. వాటితోపాటు దబ్బాకు, నలిపిన మామిడి లేతాకు, దంచిన ధనియాలు, మిరియాలు. ఆరు చిన్న డబ్బాలు, కళ్ళు మూసుకొని గుర్తుపట్టే ఆట.

ఇది ఉత్త ఆట కాదు. హాప్స్ నూనెలో ముఖ్యమైన మిర్సీన్ మామిడిలోనూ ఉంటుంది. లినాలూల్ ధనియాల వాసనకు మూలం. కేరియోఫిలీన్ మిరియాల్లో ఉంది. అందుకే మా బీరును వాసన చూసిన వెంటనే బావగారు "కాయ తెంచినప్పుడు కారే మామిడి సొన" అని రాశారు. లేబుల్ మీద ఉన్న వర్ణనలన్నింటికన్నా అదే కచ్చితం. నేను దబ్బాకు అని రాశాను, గుగ్గిలం పట్టుకోలేకపోయాను.

మార్కుల కాగితం కూడా మార్చాం. మొదట దించుకున్న ఇంగ్లీషు కాగితంలో కారానికి గడే లేదు, వగరు ఎక్కడో నోటి స్పర్శ కింద దాక్కుంది. దాన్ని పక్కన పడేసి ఉగాది పచ్చడి లెక్క పెట్టాం: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులని. తిండి లేకుండా మా బీరుకు చేదు 7, వగరు 4, తీపి 2. జోడీ నప్పిందా లేదా అన్నదానికి విడిగా అయిదుకు మార్కులు.

దశ 4: సామాన్ల గదిలో మూడు వారాలు

వెలుతురు దోషి అని తేలాక వేడి నిర్దోషి అయిపోదు కదా. ఒక సీసాను అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా ఉండే సామాన్ల గదిలో ఉంచాం. అక్కడ పగలు 34 నుంచి 36. ఇంకోటి ఫ్రిజ్‌లో. మూడు వారాల తర్వాత రెంటినీ ఒకే రోజు చల్లబరచి మూడు గ్లాసుల పరీక్ష పెట్టాం: రెండు గ్లాసుల్లో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరేది, ఏది వేరో చెప్పాలి. గ్లాసుకు 30 మి.లీ., ఆరుసార్లు. ఆరింటిలో అయిదు సరిగ్గా చెప్పాను. గుడ్డిగా చెబితే అయిదో ఆరో కుదిరే అవకాశం వందకు రెండుకన్నా తక్కువని బావగారు లెక్క కట్టారు. గదిలో ఉన్నదానిలో మామిడి సొన దాదాపు లేదు, తడిసిన అట్ట వాసన, అడుగున కొంచెం తేనె. చేదు మాత్రం అంతే ఉంది. కాబట్టి చేదుగా ఉంది, బాగానే ఉందని మోసపోకండి.

ఇప్పటిదాకా: వాడినవి 8, మిగిలినవి 4. ఖర్చు మారలేదు.

దశ 5: తిండి

నాలుగు సీసాలు, నాలుగు సాయంత్రాలు. సీసాకు మూడు వడ్డనలు, వడ్డనకు ఇద్దరికీ చెరో 55 మి.లీ., వంటింటి త్రాసు మీద తూచి. అంతకు మించి తాగితే మూడో వంటకానికి ఉదారంగా మార్కులు పడతాయని సాధన రోజునే తెలిసింది. ప్రతి వడ్డనకూ పద్ధతి ఇది: తిండికి ముందు ఒక గుటక, మార్కులు. తిండి నోట్లో ఉండగా ఒక గుటక, మార్కులు. మింగాక ఒక గుటక, మార్కులు.

మొదటి సాయంత్రం: మిరపకాయ బజ్జీ, ఆవపెట్టిన పనసపొట్టు కూర, పెసర పునుకులు.

కారం తిండికి హాప్స్ బీరే సరైన జోడీ అని చాలామంది చెబుతారు. నమ్మి, గంటస్తంభం దగ్గర బండి మీద బజ్జీలు తెచ్చి వాటితోనే మొదలుపెట్టాను. కారం 6 ఉన్నది గుటక పడగానే 9 అయింది. ఆల్కహాలు కారపు మంటను రెచ్చగొడుతుంది, గ్యాసు మంట మీద గిచ్చుతుంది, మంటలో చేదు ఇంకా కరకుగా తగులుతుంది. పోనీ బీరు మంటను కడిగేస్తుందా అంటే అదీ లేదు. మిరప ఘాటు నీళ్ళలో కరగదు, 6 శాతం ఆల్కహాలు దాన్నేమీ చేయలేదు. అయిదుకు 1. తర్వాతి రెండు వంటకాలకూ నోరు పనిచేయలేదు. పునుకులకు బావగారు 4 వేస్తే నేను 1 వేశాను. ఆయన బజ్జీలో మిరపకాయ తీసేసి తిన్నారని తర్వాత ఒప్పుకున్నారు. బజ్జీ మార్కు ఒక్కటి ఉంచి మిగతావి కొట్టేశాం. కొత్త నియమం: చప్పటిది ముందు, ఘాటైనది చివర.

రెండో సాయంత్రం: పెసర పునుకులు, రొయ్యల వేపుడు, మళ్ళీ పనసపొట్టు.

పునుకులకు 3.5. పచ్చిమిర్చి సగానికి తగ్గించి అల్లం పెంచాం. వేయించిన నూనెను చేదూ గ్యాసూ కలిసి నాలుక మీద నుంచి తుడిచేస్తాయి, ఆ తర్వాతి పునుకు మొదటిదానిలాగే ఉంటుంది. రొయ్యలకు 4. అర కిలోకు అమ్మ వేసే కారం 12 గ్రాములు. దాన్ని 5 చేసి, పచ్చికొబ్బరి కోరు 60 గ్రాములు వేశాం. కొబ్బరి తీపి చేదు కొనను విరిచింది, బీరులోని దబ్బాకు వాసన రొయ్యకు నిమ్మకాయ పిండినట్టు పనిచేసింది.

పనసపొట్టు విషయం బాధగా రాస్తున్నాను. ఆవ పెట్టిన పనసపొట్టు మా ప్రాంతపు గొప్ప, నా మనసులో అది ఎప్పుడో గెలిచేసింది. కానీ ఆవ ఘాటు నాలుక మీద ఆగదు, ముక్కులోకి ఎక్కుతుంది. ముక్కు మూసుకుపోయాక హాప్స్ వాసనకు చోటేది? మిగిలేది చేదు ఒక్కటే. 1.5. ఆవ తగ్గించి మళ్ళీ చూద్దామన్నాను. "ఆవ తగ్గించాక అది ఇంకేం కూర?" అంది అమ్మ. ఆ ప్రయోగం అక్కడితో ఆగింది.

రాత్రి కాగితాలు చూస్తుంటే ఒక లోపం దొరికింది. తిండికి ముందు గుటకలో చేదు ప్రతిసారీ 7 ఉండాలి. రెండో సాయంత్రం అది 7, 5.5, 5 గా దిగింది. బీరు ఒకటే, సీసా ఒకటే. వడ్డనకూ వడ్డనకూ మధ్య నోరు శుభ్రం కావడానికి మేము నమిలింది మురీలు (మరమరాలు). నాలుగు మురీలు నాలుక మీద పెట్టి చూశాను. ఉప్పు. బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించి వేయిస్తారు మరి. ఉప్పు చేదును అణచివేస్తుంది, మేము నోరు కడుగుతున్నామనుకుంటూ చేదును చంపుకుంటున్నాం. మురీల స్థానంలో ఉప్పు లేని చల్లటి అన్నం ముద్ద వచ్చింది. పునుకుల మార్కు మొదటిది కాబట్టి నిలుస్తుంది. రొయ్యల 4లో అర మార్కు మురీలదేమోనన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

మూడో సాయంత్రం: పలాస జీడిపప్పు, మూడు ఉప్పులు.

ఆ పొరపాటే దారి చూపింది. ఉప్పు ఇంత పని చేస్తుంటే ఎంత ఉప్పు కావాలో కొలవాలి కదా. వంద గ్రాముల పప్పుకు అర గ్రాము, ఒక గ్రాము, రెండు గ్రాములు. మొదటి ప్రయత్నంలో వేయించిన పప్పు మీద ఉప్పు చల్లితే, ఒక గ్రాములో 0.7 గ్రాములు పళ్ళెం అడుగునే మిగిలింది. బీరు పోయకముందే తూచి చూడడం అదృష్టం. ఇలా మార్చాం:

1. పప్పును సన్న సెగ మీద లేత గోధుమరంగు వచ్చేదాకా పొడిగా వేయించండి.
2. ఉప్పును ఒక చెంచా నీళ్ళలో కరిగించండి.
3. వేడి పప్పు మీద చిలకరించి వెంటనే కలపండి.
4. సన్న సెగ మీదే ఇంకో అయిదు నిమిషాలు ఆరనివ్వండి.
5. ఇరవై నిమిషాలు చల్లారాకే తినండి. అంతకుముందు మెత్తగా ఉంటుంది.

నోట్లో పప్పు ఉండగా బీరు చేదు: అర గ్రాము ఉప్పుకు 6.5, ఒక గ్రాముకు 5, రెండు గ్రాములకు 4. అంకె చూస్తే రెండు గ్రాములే గెలవాలి, కానీ అప్పుడు పప్పూ లేదు బీరూ లేదు, దాహం ఒక్కటే ఉంది. ఒక గ్రాముకు 4 మార్కులు. అన్నం ముద్ద పెట్టాక ముందు గుటక మూడుసార్లూ 7 చూపించింది.

నాలుగో సాయంత్రం: భీమాళి మామిడి తాండ్ర, తాండ్ర చుట్టిన జీడిపప్పు, బెల్లం పెట్టిన కాకరకాయ.

మామిడి సొన వాసనకు మామిడే జోడీ అవుతుందని తాండ్ర తెచ్చాం. తాండ్ర నోట్లో ఉండగా గుటక వేస్తే చేదు 4. మింగేసి గుటక వేస్తే 9. ఒకే తిండి, ఒకే బీరు, ముప్పై సెకన్ల తేడా. తీపి, చేదు కలిసి నోట్లో ఉంటే ఒకదాన్నొకటి తగ్గిస్తాయి. తీపి వెళ్ళిపోయాక వచ్చే చేదు మాత్రం మిఠాయి తర్వాత కాఫీలాగా రెట్టింపవుతుంది. తాండ్ర ఒక్కదానికి 2.5.

మింగిన తర్వాత కూడా నోట్లో ఏదో మిగలాలి. అదే ఉప్పు, నూనె అనుకొని ముందు రోజు జీడిపప్పును తాండ్రలో చుట్టాం. 8 గ్రాముల తాండ్ర పేలిక, రెండు పప్పులు. కత్తికి తాండ్ర అంటుకుపోతుంది, తడి కత్తెరతో కోయండి. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, బయటే ఉంచండి. నోట్లో ఉండగా చేదు 4.5, మింగాక 6. రెండు వైపులా తిండి లేనప్పటి 7 కన్నా కిందే. వాసనలో మామిడి ఎక్కడ ఆగిందో, హాప్స్ ఎక్కడ మొదలైందో చెప్పలేకపోయాం. బావగారు 5 వేశారు, నేను 4.5.

కాకరకాయ చూసి అమ్మ "చేదు తాగడానికి చేదు తినాలా?" అంది. తిన్నాం. కాకర తర్వాత బీరు చేదు 3కి పడిపోయింది, బీరు తియ్యగా ఉందేమో అనిపించేంత. ఇద్దరమూ 3 వేసి, దాన్ని జోడీ అనాలా కళ్ళకు గంతలు కట్టడం అనాలా అని కాసేపు వాదించుకున్నాం. తేలలేదు.

మొత్తం లెక్క: సీసాలు 12, మిగిలినవి 0. జీడిపప్పు ₹240, తాండ్ర ₹120, రొయ్యలు ₹220, బజ్జీలు ₹30. అన్నీ కలిపి ₹3,630.

తాండ్ర చుట్టిన జీడిపప్పును ఇంకోసారి గుడ్డి పరీక్షకు పెట్టాలని పద్నాలుగు చుట్టలు డబ్బాలో దాచాం. మర్నాడు సీసా కోసం బయల్దేరబోతూ డబ్బా తీస్తే మూడున్నాయి. పక్కింటి పిల్లలకు పెట్టిందట అమ్మ. తనూ రెండు తిన్నానని, ఉప్పు ఇంకాస్త పడాలని చెప్పింది.